రెండు కొడితే ఆపాలి

బెల్టు మాస్టారు అంటే ఆ చుట్టుపక్కల పెద్ద బండ్లున్న వాళ్ళందరికీ తెలుసు. అసలు పేరు లైసెన్సు మీద ఉంటుంది, అది చదివే అవసరం ఎవరికీ పడలేదు. వారాల తరబడి ఊళ్ళు తిరిగే టూరింగ్ మోటారు సైకిళ్ళని మూసిన వ్యానులో ఎక్కించి, చెప్పిన చోట ఒంటి మీద గీత పడకుండా దింపడం ఆయన పని. ఇరవై రెండేళ్ళలో ఒక్క అద్దం పగల్లేదని చెప్పుకునేవాడు. చెప్పుకోవడం ఏమిటి, అడగని వాళ్ళని కూడా పిలిచి మరీ చెప్పేవాడు.

బండిని వ్యానులో కట్టడం చూసేవాళ్ళకి తాడు చుట్టినంత తేలిగ్గా కనిపిస్తుంది. ముందు చక్రాన్ని ఇనుప గాడిలో ఇరికించాలి. నాలుగు బెల్టులు వెయ్యాలి, ముందు రెండు, వెనక రెండు. సైడు స్టాండు మీద కట్టేవాణ్ణి మాస్టారు మనిషి కిందే జమకట్టేవాడు కాదు. బండి నిటారుగా నిలబడాలి, కుదుపులు తట్టుకునే షాకులు సగం అణగాలి. అణగకుండా బెల్టు బిగిస్తే మొదటి గతుకులోనే బండి కిందికి దిగి బెల్టు వదులవుతుంది. ఆ తర్వాత మూడు వందల యాభై కిలోల ఇనుము తన ఇష్టమొచ్చిన వైపు ఒరుగుతుంది. అందుకే ఒకళ్ళు బండెక్కి బరువంతా వేసి కూర్చుంటారు, ఇంకొకళ్ళు కింద పళ్ళున్న బెల్టు పిడి లాగి బిగిస్తారు.

ఆ కూర్చునే మనిషి బస్తా. మాస్టారు భార్యకి తమ్ముడు. వయసు నలభైకి రెండేళ్ళు తక్కువ, బరువు వందకి రెండు కిలోలు ఎక్కువ. తల్లి పోయాక అక్కే పెంచింది. పెళ్ళీ గిళ్ళీ అంటే ఇల్లెగిరిపోయేలా నవ్వేవాడు. అక్క పెట్టింది తినడం, బావ చెప్పింది చెయ్యడం, ఇంతే వాడి లోకం.

వ్యాను వెనక పెట్టెకీ, ముందు సీటుకీ మధ్య ఇనుప రేకు అడ్డం. కిటికీ లేదు. బండ్లు సర్దేటప్పుడు లోపల ఉన్నవాడు రేకు మీద కొట్టి చెప్పాలి. ఒక్కటి కొడితే పోనీ. రెండు కొడితే ఆపు. బస్తా ఈ రెండు దెబ్బల్ని టీ కోసం కూడా వాడుకునేవాడు. బళ్ళు దింపి వచ్చేటప్పుడు ఖాళీ పెట్టెలో చాప పరుచుకుని పడుకుని, టీ కొట్టు వాసన తగిలితే చాలు, ఠక్ ఠక్ మని కొట్టేవాడు. "నీకు ముక్కుందా, కుక్క ముక్కుందా?" అని మాస్టారు తిడుతూనే ఆపేవాడు.

పోయినేడాది వానాకాలంలో ఒక డాక్టరు గారి బండి. కొండ మొదట్లో డాక్టరు గారూ, ఆయన స్నేహితులూ బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నారు. మాస్టారు అప్పటికే నలభై నిమిషాలు ఆలస్యం. సరిగ్గా అప్పుడే వెనక బెల్టు ఒకటి మొండికేసింది. పిడి పళ్ళు అరిగిపోయి, బిగించినకొద్దీ జారిపోతోంది.

"బావా, ఇది పట్టట్లేదు. షెడ్డుకెళ్ళి వేరేది తెచ్చుకుందాం," అన్నాడు బస్తా.

"ఇప్పుడా? నీకేమైనా మతి ఉందా? నువ్వే బండి మీద కూర్చో. నీకన్నా గట్టి బెల్టు ఎక్కడ దొరుకుతుంది?"

"దార్లో కూడానా? తలుపులేశాక లోపల చీకటి బావా."

"నీకోసం దీపాలు పెట్టించమంటావా? ఎక్కెక్కు."

"పడిందనుకో?"

"రెండు కొట్టు. ఆపుతాను."

బస్తా ఎక్కాడు. మాస్టారు గడియ వేశాడు.

పావుగంట పోయాక రెండు దెబ్బలు వినిపించాయి. టీ కొట్టు దాటారు మరి. "ఇవాళ టీ లేదురోయ్!" అని మాస్టారు ముందునుంచి అరిచాడు. మళ్ళీ రెండు. రేడియో పాట పెంచాడు. పాట మధ్యలో కూడా రెండేసి, రెండేసి. ఇరవై నిమిషాలు కొట్టాడు బస్తా. తర్వాత ఆగిపోయింది. హమ్మయ్య, నిద్రపోయాడనుకున్నాడు మాస్టారు.

కొండ మొదలుకి ఒక మలుపు ముందు, చక్రాలు చూద్దామని ఆపి తలుపు తీశాడు. బండి గోడ మీదికి ఒరిగి ఉంది. బండికీ గోడకీ మధ్య బస్తా ఉన్నాడు. హ్యాండిల్ కొస రొమ్ములో దిగబడి ఉంది. కుడి పిడికిలి తోలు లేచిపోయి ఎర్రగా ఉంది. రేకు నిండా సొట్టలు, జంటలు జంటలుగా.

చెప్పడానికే నోరు రావట్లేదు గానీ, మాస్టారు అప్పుడు చేసిన పని ఇది. ముందు సీటు కిందనుంచి సుత్తి తీసి, అవతలి వైపునుంచి ఆ సొట్టలన్నీ ఒక్కొక్కటే సాపు చేశాడు. ఆ తర్వాత ఫోను చేశాడు.

భార్య ఏడ్చి ఏడ్చి, ఆఖరికి ఒక్కటే అడిగింది. "ఒక్కసారి కూడా కొట్టలేదా వాడు?"

"నీ మీద ఒట్టు. నాకేం వినిపించలేదు. చిన్న దెబ్బ కొట్టినా ముందుకి ఖంగుమని వినిపిస్తుంది, ఆపకపోతానా? వాడే సరదాపడి ఎక్కాడు. లోపల కూర్చోవడం వాడికి అలవాటే. అలా కూర్చోవడం ప్రమాదం కూడా కాదు. వాడి రాత అలా ఉంది."

ఆవిడ నమ్మింది. ఆవిడకి ఇంక మిగిలింది ఆయనొక్కడే. ఆయనకీ ఆవిడంటే ప్రాణం, అందులో మాత్రం అబద్ధం లేదు. కంచం ముందు కూర్చుని ఆవిడ మొహంలోకి చూసిన ప్రతిసారీ ఆయన మనసులో ఒకటే దడ. ఆ ఒక్క మాట నిలబడినన్నాళ్ళే ఈ కాపురం. అది కూలిన రోజు ఆవిడ తన మొహం చూడదు.

డాక్టరు గారు ఆ బండి మళ్ళీ ఎక్కలేనన్నాడు. "మీరే ఉంచుకోండి, అమ్ముకోండి, మీ ఇష్టం," అని కాగితాల మీద సంతకం పెట్టి ఇచ్చేశాడు. అమ్మెయ్యమని ఆవిడ పోరింది. మాస్టారు ఇవాళ రేపంటూ నెలలు నెట్టాడు. అంత బండి ఆయన జన్మలో కొనగలిగేది కాదు. రోజూ పొద్దున్నే కవరు తీసి తుడిచేవాడు. ఆయిలు మార్చాడు, బ్రేకు డిస్కుకి తాళం వేశాడు, చక్రానికి గొలుసు వేసి షెడ్డు స్తంభానికి కట్టాడు. బ్యాటరీ దిగిపోకుండా రాత్రంతా ఛార్జింగు పెట్టేవాడు. సొంత బిడ్డకి కూడా అంత సేవ చెయ్యరు.

అంతా బాగానే ఉంది, ఒక్కటి తప్ప. బండి లేవట్లేదు. ఇంజను స్టార్టవుతుంది, లైట్లు వెలుగుతాయి. షాకులు లేవట్లేదు. ఖాళీగా నిలబెట్టినా వెనక భాగం కుంగే ఉంటుంది. మాస్టారు టేపు పెట్టి కొలిచాడు. ఖాళీ బండికి ఉండాల్సిన ఎత్తు కన్నా నాలుగు వేళ్ళు తక్కువ. స్ప్రింగు పోయిందనుకుని కొత్తది వేయించాడు. బిగించి వదిలీ వదలగానే అదీ అంతే కుంగింది. మెకానిక్కు తల గోక్కుంటూ, "ఏదో పెద్ద శాల్తీ ఎక్కి కూర్చున్నట్టుంది మాస్టారూ," అని నవ్వాడు. మాస్టారు నవ్వలేదు. ఆ రోజునుంచి షెడ్డులోకి వెళ్ళినప్పుడల్లా తలుపు తెరిచే ఉంచుకునేవాడు.

ఆఖరికి తనే బేరం వెతికాడు. కొండ అవతలి ఊళ్ళో ఒక కాంట్రాక్టరు తీసుకుంటానన్నాడు.

"నేనూ వస్తాను," అంది భార్య.

"ఈ ముసురులో నువ్వెందుకు?"

"మా వాడు ఆఖరిసారి ఎక్కిన బండి. దాన్ని సాగనంపి వస్తాను."

కాదంటే ఎందుకంటుంది. సరేనన్నాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక బండిని వ్యానులోకి ఎక్కించాడు. సన్నగా తుంపర. మబ్బు కమ్మేసి సాయంత్రంలా ఉంది. కొత్త బెల్టులు, నాలుగూ నాలుగే. పిడి నాలుగుసార్లు లాగేసరికి బిగిసిపోయాయి.

"ఎవరూ కూర్చోనక్కర్లేదా?" తలుపు దగ్గర నిలబడి అడిగింది ఆవిడ.

"అక్కర్లేదు. స్ప్రింగు పోయి కుంగే ఉందిగా."

ఆవిడ బండి సీటు వైపే చూస్తూ కాసేపు నిలబడింది. తర్వాత వెళ్ళి ముందు కూర్చుంది.

ఊరు దాటారు. వైపర్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. తడి మట్టి వాసన, ఇంజను వేడి వాసన. ఆవిడ కొంగు భుజాల చుట్టూ లాక్కుని కిటికీలోంచి చూస్తోంది. మాస్టారు మనసు తేలికపడుతోంది. ఇంకో రెండు గంటల్లో ఈ పీడ విరగడవుతుంది. ఆ తర్వాత ఆవిణ్ణి ఎక్కడికైనా తీసుకెళ్ళాలి, నాలుగు రోజులు.

ఠక్. ఠక్.

మాస్టారు ఓరకంట ఆవిడ వైపు చూశాడు. ఆవిడ కదల్లేదు.

ఠక్. ఠక్.

వీపు వెనకే. సీటుకి ఆనుకున్న రేకు మీదే. దెబ్బ దెబ్బకీ సీటు అదురుతోంది. మాస్టారు రేడియో పెట్టాడు. ఆవిడ చెయ్యి చాపి ఆపేసింది.

"ఏమిటండీ ఆ చప్పుడు?"

"ఏ చప్పుడు?"

ఠక్. ఠక్.

"అదే. మీకు వినిపించట్లేదా?"

ఏదో ఒకటి చెప్పొచ్చు. జాకీ ఊగుతోందనొచ్చు, రేకు వదులైందనొచ్చు. ఏడాదిగా మనసులో అరగదీసుకున్న మాట ఒకటుంది, అదే నోట్లోంచి ఊడిపడింది.

"నాకేం వినిపించలేదు."

ఆవిడ ఆయన వైపు తిరిగింది. ఈసారి దెబ్బలకి ఎదురుగా పైనున్న చిన్న అద్దం గజగజలాడింది. దాని మీద వేలాడుతున్న తాళాల గుత్తి గలగలమంది.

"ఇప్పుడు?" అంది ఆవిడ, నెమ్మదిగా.

మాస్టారు చూపు రోడ్డు మీదే ఉంచాడు. "లేదు."

ఆవిడ చాలాసేపు ఆయన మొహం కేసి చూస్తూ కూర్చుంది. తర్వాత, "ఆపండి," అంది. గొంతులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది.

ఆపాడు. ఇద్దరూ వానలో దిగి వెనక్కి వెళ్ళారు. ఆయన గడియ తీశాడు. తలుపు తెరవగానే గుప్పున కొట్టింది... చెమట వాసన. మూసిన గదిలో చాలా రోజులు పడుకున్న మనిషి వాసన.

లోపల ఎవరూ లేరు. బండి నిటారుగా ఉంది. షాకులు పూర్తిగా లేచి ఉన్నాయి. ఏడాదిలో మొదటిసారి. మూడు బెల్టులు తీగల్లా బిగుసుకుని సన్నగా మోగుతున్నాయి. వెనక బెల్టు ఒకటి మాత్రం విడిపోయి నేల మీద పడి ఉంది. కొత్త బెల్టు. పిడి పళ్ళు నున్నగా అరిగిపోయి ఉన్నాయి.

"ఇది పట్టదు," అన్నాడు మాస్టారు. "వెనక్కి పోదాం."

"ఎందుకు? ఒకళ్ళు లోపల కూర్చుంటే సరిపోతుందిగా. వాడు కూర్చునేవాడుగా."

"అది కాదే..."

"ప్రమాదం కాదన్నారుగా. కొడితే ముందుకి ఖంగుమని వినిపిస్తుందన్నారుగా." తాళాల కోసం చెయ్యి చాపింది. "మీరు కూర్చోండి. నేను నడుపుతాను. మీరు నేర్పిందేగా. రెండు కొట్టండి, ఉన్నచోటే ఆపేస్తాను."

కూర్చోనంటే? ప్రమాదమని ఒప్పుకున్నట్టే. మరి వాణ్ణెందుకు ఎక్కించావంటుంది. వాడు కొట్టాడా అంటుంది. ఇందాక వినపడలేదన్నావేం అంటుంది. మాస్టారుకి ఎటు చూసినా గోడే కనిపించింది. ఎంత దూరం, గంటన్నర. తను వంద కిలోలు లేకపోయినా డెబ్భై ఉన్నాడు. ఆవిడ ఆపుతుంది, ఆవిడ తనలాంటిది కాదు. తాళాలు ఇచ్చేసి, పెట్టెలోకి ఎక్కి, బండి మీద కూర్చున్నాడు.

తలుపు మెల్లగా మూసుకుంది. గడియ పడింది.

చీకటి. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. వాన చప్పుడు రేకు మీద. వ్యాను కదిలింది. మాస్టారు రెండు కాళ్ళూ నేలకి తన్నిపెట్టి, హ్యాండిల్ పట్టుకుని, గతుకు గతుకుకీ బండిని ఆపుకుంటున్నాడు. పర్లేదు. ఆగుతోంది.

అప్పుడు వెనక సీటు కుంగింది.

మెల్లగా. ముందు కొంచెం... ఇంకొంచెం... ఆ తర్వాత పూర్తిగా. ఆయన మోకాళ్ళు నాలుగు వేళ్ళు కిందికి దిగాయి. వీపుకి వెచ్చగా, మెత్తగా ఏదో ఆనుకుంది. చెవి దగ్గర బరువైన ఊపిరి.

"బ... బస్తా..."

ఊపిరి ఒక్కటే.

బిగిసిన బెల్టులు వదులైపోయాయి. చీకట్లో పిడి పళ్ళు జారుతున్న చప్పుడు. టిక్... టిక్... టిక్. ఒకటి వదిలింది. బండి కుడివైపుకి ఊగింది.

మాస్టారు పిడికిలి బిగించి ముందున్న రేకు మీద కొట్టాడు. ఠక్.

రెండో దెబ్బకి చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది. మణికట్టుని ఎవరో పట్టుకున్నారు.

పై ప్రాణాలు పైనే పోయాయి. బస్తా చెయ్యే. ఇంకెవరిదై ఉంటుంది? లాక్కున్నాడు. రాలేదు. కాసేపటికి దానంతట అదే వదిలింది. మళ్ళీ కొట్టాడు. ఠక్. మళ్ళీ పట్టుకుంది. ఎడం చేత్తో కొట్టబోతే బండి ఒరిగిపోతోంది, వదిలితే చస్తాడు. అరిచాడు. వానలో ఆ అరుపు ఆయనకే సరిగ్గా వినపడలేదు.

ఠక్...

ముందు ఇంజను చప్పుడు పెరిగింది. ఒక్కటి కొడితే పోనీ అని కదా. పోనిస్తోంది ఆవిడ.

"ఒరేయ్... తప్పయిపోయిందిరా... నీ కాళ్ళు పట్టుకుంటా... వదల్రా..."

ఠక్... వేగం ఇంకా పెరిగింది.

మలుపు. మిగిలిన రెండు బెల్టులూ జారాయి. మూడు వందల యాభై కిలోలు, ఆ పైన ఇంకో వంద, మొత్తం ఆయన మీదికి వచ్చిపడ్డాయి. సీటు మీదినుంచి జారి గోడ పక్కకి పడ్డాడు, వీపు గోడకి కొట్టుకుంది. హ్యాండిల్ రొమ్ము మీద ఆనింది. లోపల ఏదో పుటుక్కుమంది. ఎడం చెయ్యి ఎక్కడో బండి కింద ఇరుక్కుపోయింది. ఊపిరి సగమే అందుతోంది. కుడి చెయ్యి ఒక్కటే బయట మిగిలింది, దాన్ని ఆ పట్టు వదల్లేదు.

ఎంతసేపైందో తెలీదు. వ్యాను ఆగింది. తలుపు తెరుచుకుని బూడిద రంగు వెలుతురు లోపల పడింది. వాన నీళ్ళు కారుతున్న మొహంతో ఆవిడ నిలబడి ఉంది.

"ఒక్కటే కొడుతున్నారేమిటండీ? పోనీయమంటున్నారనుకున్నా," అంటూనే ఆయన్ని చూసింది. "అయ్యో!"

ఆ అయ్యో నిజమైనదే. ఒక కాలు పెట్టెలో పెట్టి గబగబా ఎక్కబోయింది. అంతలో ఆవిడ చూపు రేకు మీద పడింది. ఆగిపోయింది. మాస్టారు అతి కష్టం మీద తల తిప్పి చూశాడు. సుత్తితో సాపు చేసిన సొట్టలన్నీ మళ్ళీ లేచాయి. పైనుంచి కిందిదాకా, జంటలు జంటలుగా. ఆవిడ వేలు పెట్టి లెక్కపెట్టసాగింది. రెండు. రెండు. రెండు. ఎక్కడో మధ్యలో లెక్క ఆపేసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. మాస్టారు పెదవులు కదిపాడు.

కళ్ళు తుడుచుకుని ఆవిడ తలెత్తింది. ఆయన వైపు కాదు, ఆయన భుజం మీదుగా వెనక ఉన్న చీకటి వైపు చూసింది. చిన్నపిల్లాణ్ణి నిద్ర లేపే గొంతుతో, గుసగుసగా అడిగింది.

"ఆపెయ్యనా నాన్నా?"

వాన చప్పుడు. ఆయన ఊపిరి బిగబట్టాడు. రెండు... రెండు కొట్టరా... నీకు దణ్ణం పెడతా... రెండు...

ఠక్.

ఆవిడ ఎదురుచూసింది. బాగా ఎదురుచూసింది, న్యాయంగా. ఇంకో దెబ్బ పడలేదు.

"సరేలే," అంది. తలుపు మూసింది. గడియ వేసింది.

ఆవిడ అడుగులు వ్యాను పక్కగా బురదలో ముందుకి వెళ్ళడం వినిపించింది. ఆ వెనకే ఇంకెవరివో బరువైన అడుగులు. మాస్టారు మీదున్న బండి కొంచెం తేలికైంది. డ్రైవరు వైపు తలుపు తెరుచుకుని మూసుకుంది. తర్వాత... రెండో వైపు తలుపు కూడా తెరుచుకుని మూసుకుంది. వ్యాను ఆ పక్కకి బాగా కుంగింది. రేకు అవతల ఆవిడ ఏదో అంటోంది. ఏడాది తర్వాత మొదటిసారి, ఆవిడ నవ్వు. ఆ నవ్వులో కలిసి ఇంకో బండ నవ్వు.

బస్తా వెళ్ళి ముందు అక్క పక్కన కూర్చున్నాడు.

వ్యాను కదిలింది. చీకట్లో మాస్టారు కుడి మణికట్టు మీద పట్టు అలాగే ఉంది. ఇందాకటినుంచీ ఆయన గమనించనే లేదు... వేళ్ళు సన్నగా ఉన్నాయి. పొడుగ్గా ఉన్నాయి. బస్తావి కావు, ఈ చీకట్లో ఇంకెవరో ఉన్నారు. ఇంకో చెయ్యి, తొందరేం లేనట్టు, ఆయన మొహం తడుముతూ నోటి దగ్గరికి వస్తోంది.